వేసవి ఇంటర్న్‌లు, ఆవకాయ ప్రకటనలు: ఒక హైదరాబాద్ ఏజెన్సీ కేస్ స్టడీ

మార్కెటింగ్ ఏజెన్సీకి వేసవి అంటే రెండు పనులు ఒకేసారి మీద పడే కాలం. ఏసీలు, కూల్‌డ్రింకులు, పెళ్లిబట్టలు, కాలేజీ అడ్మిషన్ల ప్రకటనలు ఊపందుకునేది అప్పుడే. ఎంబీఏ మొదటి సంవత్సరం పరీక్షలు ముగించుకున్న విద్యార్థులు కాలేజీ లేఖలు పట్టుకుని వచ్చేదీ అప్పుడే. నేర్పడానికి ఎవరికీ తీరిక లేని రోజుల్లో నేర్చుకునేవాళ్లు వస్తారు. అందువల్ల ఇంటర్న్‌కు ఏదో ఒక పని చూపించి కూర్చోబెట్టడం చాలా ఏజెన్సీల్లో అలవాటైపోయింది. పోటీ సంస్థల పోస్టులను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం, మీటింగ్ మినిట్స్ రాయడం, శుభాకాంక్షల పోస్టర్లకు క్యాప్షన్లు కూర్చడం వంటి పనులతోనే రెండు నెలలు గడిచిపోతాయి. నేను స్ట్రాటజీ విభాగం చూసే ఏజెన్సీలో ఒక వేసవి ఇద్దరు ఇంటర్న్‌లకు ఇంతకంటే భిన్నమైన పని అప్పగించాం. ఆ పని ఎలా సాగింది, క్లయింటుకు ఏ మేరకు ఉపయోగపడింది, ఎక్కడ ఫలితం రాలేదు అన్నవి ఇక్కడ రాస్తున్నాను. క్లయింటు పేరు, ఖాతా అంకెలు గోప్యత ఒప్పందం కింద ఉన్నాయి కనుక ఇవ్వడం లేదు.

ఇద్దరిలో ఒకరు వరంగల్ నుంచి వచ్చిన ఎంబీఏ విద్యార్థిని. రెండోవాడు విజయవాడ దగ్గర బీకాం చదువుతున్న కుర్రాడు. ఎంబీఏ వాళ్లు వేసవిలో రావడం పాతదే గానీ డిగ్రీ విద్యార్థులు ఇంతమంది రావడం ఇటీవలి మార్పు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశాక, జిల్లాల్లో అంతమందికి చోటిచ్చే సంస్థలు లేక విద్యార్థులు విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌ల వైపు చూస్తున్నారు. ఇదే అదనుగా, పని ఏమీ చేయించకుండా డబ్బు తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే సంస్థలూ పుట్టుకొచ్చాయి. ఈ కుర్రాడి స్నేహితుల్లో ఇద్దరు అలాంటి సర్టిఫికెట్లు కొనుక్కుని ఊళ్లోనే ఉండిపోయారట. తాను హాస్టల్ ఖర్చు పెట్టుకుని ఇక్కడికి వచ్చినందుకు వాళ్లు ఎగతాళి చేస్తున్నారని మొదటి వారంలోనే చెప్పాడు.

క్లయింటు గోదావరి జిల్లాలకు చెందిన పచ్చళ్ల సంస్థ. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి వంటి నిలవ పచ్చళ్లతో పాటు కారం, ఆవపిండి, పొడులు కూడా అమ్ముతారు. సొంత వెబ్‌సైట్ ఉంది. అయినా ఆర్డర్లలో పెద్ద భాగం ఫోన్, వాట్సాప్ ద్వారానే వస్తుంది. గూగుల్ సెర్చ్ ప్రకటనలకు, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనలకు వాళ్లు నెలనెలా ఖర్చు చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ గురించి వెతికేవారి సంఖ్య విపరీతంగా పెరుగుతుంది, దానితో పాటు క్లిక్‌లు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది; ఆర్డర్లు మాత్రం ఆ స్థాయిలో పెరగవు. యజమాని అడిగింది ఒక్కటే ప్రశ్న: "సీజన్‌లో మనకి గిరాకీ ఉండాలి కదమ్మా, డబ్బు ఎక్కడికి పోతోంది?"

ఏ క్లిక్ ఏ వెతుకులాట నుంచి వచ్చిందో చూస్తే దీనికి జవాబు కొంతవరకు దొరుకుతుంది. గూగుల్ యాడ్స్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ అని ఒకటి ఉంటుంది. మనం డబ్బు కట్టి ఎంచుకున్న కీవర్డ్‌లు వేరు, జనం నిజంగా టైప్ చేసిన మాటలు వేరు. ఈ రిపోర్ట్‌లో కనిపించేవి ఆ రెండోవి. 2020 సెప్టెంబరు నుంచి గూగుల్ చాలా తక్కువమంది టైప్ చేసిన మాటలను ఇందులో చూపడం మానేసింది కాబట్టి చిత్రం పూర్తిగా కనబడదు. అయినా కనిపించే భాగమే వేల వరుసలు ఉంటుంది. పదిమంది క్లయింట్ల ప్రకటన ఖాతాలు చూసే ఎగ్జిక్యూటివ్ అందులో పైనున్న యాభై వరుసలు చూసి వదిలేస్తాడు. అన్నీ చదవడానికి కావలసినది అనుభవం కంటే తీరిక, తెలుగు, వంటింటి పరిజ్ఞానం. ఈ మూడూ ఇంటర్న్‌లకు ఉంటాయి. ఎవరికీ చదవడానికి కుదరని ముడిసరుకును మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివించడమే ఇంటర్న్‌కు ఇవ్వదగిన అత్యుత్తమమైన పని అని నా అభిప్రాయం.

మొదటి వారం అందరికీ చెప్పే మామూలు పాఠాలే చెప్పాం. ఆ తర్వాత ఇద్దరి ముందూ గత సంవత్సరం ఏప్రిల్, మే, జూన్ నెలల రిపోర్ట్ పెట్టి, ప్రతి వరుసకూ ఒక గుర్తు వేయమన్నాం: కొనేవాళ్లు, పెట్టుకునేవాళ్లు, ఊరికే తెలుసుకునేవాళ్లు. గుర్తు వేయలేని వరుసలను పసుపు రంగులో ఉంచమన్నాం. ఏదీ ఊహించి తోసేయకూడదన్నది ఒక్కటే నియమం.

చదవగా తేలిన విషయం యజమాని ఊహించనిది. ప్రకటన మీద నొక్కినవారిలో చాలామంది పచ్చడి కొనడానికి రాలేదు, పెట్టుకోవడానికి వచ్చారు. ఆవకాయకు ఏ కాయ మంచిది, కిలో ముక్కలకు ఉప్పు ఎంత, ముక్క మెత్తబడకుండా ఏం చేయాలి, నువ్వుల నూనె కాచి పోయాలా పచ్చిది పోయాలా, మామిడికాయలు కొట్టించే చోటు ఎక్కడ అన్నవి వాళ్ల ప్రశ్నలు. వాళ్లకు మన ప్రకటన అడ్డుపడింది, వాళ్లు నొక్కారు, పాళ్లు కనబడక వెనక్కి వెళ్లారు. నొక్కినందుకు క్లయింటు డబ్బు కట్టాడు. లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటే, క్లిక్‌కు 10 రూపాయల చొప్పున 100 క్లిక్‌లకు 1,000 రూపాయలు ఖర్చయి మూడు ఆర్డర్లు వచ్చాయనుకుందాం. ఆర్డరుకు 333 రూపాయలు పడ్డట్టు. ఆ 100 మందిలో 40 మంది తయారీ విధానం కోసం వచ్చినవాళ్లయి, వాళ్లను ముందే వదిలించుకుంటే, అవే మూడు ఆర్డర్లు 600 రూపాయలకు, అంటే ఒక్కోటి 200కు వస్తాయి. ప్రకటన మార్చలేదు, ధర తగ్గించలేదు. ఎవరికి చూపించకూడదో తెలుసుకున్నామంతే.

అక్కరలేని వెతుకులాటలకు ప్రకటన కనబడకుండా ఆపే మాటలను నెగటివ్ కీవర్డ్‌లు అంటారు. చూడడానికి ఇది ఐదు నిమిషాల పనిలా ఉంటుంది గానీ తెలుగు వినియోగదారుల విషయంలో కాదు. నెగటివ్ కీవర్డ్ తన పర్యాయపదాలను ఆపదు. రెసిపీ అన్న మాటను ఆపితే తయారీ విధానం ఆగదు, దాన్ని ఆపినా ఎలా పెట్టాలి ఆగదు, ఎలా చేయాలి ఆగదు, పాళ్లు ఆగదు, కొలతలు ఆగదు. ఇవన్నీ మళ్లీ తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగులో నాలుగైదు రకాలుగా ఉంటాయి. ఆవకాయను ఒకరు మొదట ఒక ఏతో, ఇంకొకరు రెండు ఏలతో, మరొకరు చివర ఐతో ముగించి రాస్తారు. గూగుల్ 2018లోనే ప్రకటనల వ్యవస్థలో తెలుగుకు చోటిచ్చినా, మన ఇళ్లలో ఫోన్ మీద ఏం టైప్ చేస్తారన్న జాబితాను ఏ యంత్రమూ తయారుచేసి మా చేతిలో పెట్టలేదు. వరంగల్ అమ్మాయి ఇంకో లోపాన్నీ పట్టుకుంది. ఖాతాలోని కీవర్డ్‌లలో ఆవకాయ, మాగాయ ఉన్నాయి గానీ తెలంగాణ ఇళ్లలో నిత్యం అనే మామిడికాయ తొక్కు ఎక్కడా లేదు. గోదావరి క్లయింటుకు, ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన మా ఎగ్జిక్యూటివ్‌కు ఆ వెలితి కనబడే అవకాశమే లేదు.

ఇక్కడే ఒక వాదన వచ్చింది, అది మొత్తం వేసవికి మేలైన వాదన. పెట్టుకునేవాళ్లందరినీ ఒక్క దెబ్బతో ఆపేద్దామని అకౌంట్ మేనేజర్ అన్నాడు. బీకాం కుర్రాడు ఒప్పుకోలేదు. "పెట్టుకునేవాళ్లకి పచ్చడి అక్కర్లేదు సార్, కానీ కారం, ఆవపిండి కావాలి కదా. అవి మనం అమ్ముతున్నాం." వాదన సబబుగానే ఉంది. వెతుకులాటల్లో పాళ్లు అడిగేవారిని, కాయ గురించి అడిగేవారిని, సామగ్రి అడిగేవారిని విడదీసి, చివరివారికి మాత్రం తక్కువ బిడ్‌తో, అంటే క్లిక్‌కు తక్కువ ధర ఇవ్వజూపి, వేరే ప్రకటన నడిపి, దానిని పచ్చడి పేజీకి కాకుండా ఆవకాయ సామగ్రి పేజీకి మళ్లించాం. ఆ పేజీలో అర్ధకిలో, కిలో ముక్కలకు సరిపడే పాళ్లు కూడా రాశాం, వచ్చినవారు ఉత్త చేతులతో పోకూడదని.

ఈ ప్రయోగం ఆ వేసవిలో పెద్దగా అమ్మకాలు తేలేదు. కుర్రాడి ఆలోచన సరైనదే, సమయం దాటిపోయింది. మే రెండో వారానికి సామగ్రి చాలా ఇళ్లలోకి చేరిపోయి ఉంటుంది. ఎండుమిర్చి కొత్త పంట మార్కెట్లోకి వచ్చే రోజుల్లోనే, అంటే మార్చి నుంచే, కారం ఆడించుకునేవాళ్లు ఆడించుకుంటారు. సామగ్రి ప్రకటన ఉగాదికి ముందే మొదలుకావాలని రాసిపెట్టి, దాన్ని తర్వాతి సంవత్సరపు క్యాలెండర్‌లో చేర్చాం. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఉన్న సహజమైన పరిమితి ఇది. విత్తినవాడు కోతకు ఉండడు. అందువల్ల ఇంటర్న్ పనిని అమ్మకాలతో కొలవడం అన్యాయమని నేను అనుకుంటాను.

జూలై నెల సంగతి మాత్రం మా అందరి అంచనాకూ మించి తేలింది. గత సంవత్సరపు రిపోర్ట్‌లో పసుపు రంగులో మిగిలిపోయిన వరుసల్లో అమెరికా తీసుకెళ్లడానికి పచ్చళ్ల ప్యాకింగ్, ఫ్లైట్‌లో పచ్చడి తీసుకెళ్లొచ్చా, వ్యాక్యూమ్ ప్యాకింగ్ పచ్చళ్లు అన్నవి జూన్ చివరి వారంలో పోగుపడి కనిపించాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది. మన పిల్లలు జూలై రెండో సగం నుంచి బయల్దేరతారు. తల్లులు సూట్‌కేసు తూకం చూసుకుంటూ పచ్చళ్లు సర్దుతారు. ఎంబీఏ అమ్మాయి పెదనాన్న కొడుకు ఆ ఏడాదే వెళ్తున్నాడు కనుక ఆమెకు ఇది వెంటనే తట్టింది. మే బడ్జెట్‌లో మిగిల్చిన సొమ్మును జూలైకి జరిపి, నూనె కారని ప్యాకింగ్‌ను ముందుపెట్టి హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, వరంగల్‌లకు ప్రకటనలు ఇచ్చాం. మాంసపు పదార్థాలను అమెరికాలోకి తీసుకెళ్లడంపై ఆంక్షలున్నాయి కనుక ఆ పేజీలో చికెన్, మటన్ పచ్చళ్లు లేకుండా చూసుకున్నాం. సీజన్ అంటే మే అనుకున్న యజమానికి జూలై ఆర్డర్లే ఎక్కువ లాభసాటిగా తోచాయి, ఎందుకంటే ఆ కొనుగోళ్లు అర్ధకిలోలతో ఆగవు.

ప్రకటన రాతలో నేర్చుకున్నది వేరే తరహా పాఠం. ఇంటర్న్‌లు ఇద్దరూ కలిసి రాసిన మొదటి వాక్యంలో ఇంట్లో పెట్టిన ఆవకాయ అన్న మాట ఉంది. యజమానికి అది బాగా నచ్చింది. కానీ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనలు, క్లెయిమ్‌ల నిబంధనల ప్రకారం, ఫ్యాక్టరీలో తయారైన ఆహారాన్ని ఇంట్లో చేసినదన్న భావన కలిగించేలా చెప్పుకోవడం కుదరదు. ఫోన్‌లో ఆయన నొచ్చుకున్నారు: "మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు వాళ్ల ఇంట్లో పెట్టినట్టే పెడతారమ్మా. అది రాస్తే తప్పెలా అవుతుంది?" ఆయన మాటలో అబద్ధం లేదు. అయితే యూనిట్‌లో డ్రమ్ముల్లో కలిసే పచ్చడిని కొనేవాడు ఇంట్లో జాడీలో కలిపినదని అనుకుంటే, ఆ అపోహకు బాధ్యత ప్రకటనదే అవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంటుందని ఇంటర్న్‌లకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత అమ్మాయి రాసిన మాట ఇది: "ఆవపిండి మేమే ఆడిస్తాం. నువ్వుల నూనె తప్ప వేరే నూనె వాడం." రెండు వాక్యాలూ యూనిట్‌లో సరిచూసుకున్నాకే బయటికి వెళ్లాయి. మొదటి దానికంటే ఇదే మెరుగైన రాత అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆడవాళ్లు ఏం చేస్తారన్నది కొనేవాడి నమ్మకం, ఏ నూనె వాడారన్నది కొనేవాడి ప్రశ్న.

ఇన్‌ఫ్లుయెన్సర్ల పని కూడా ఇంటర్న్‌లకే ఇచ్చాం, కానీ ఎంపిక కాదు, తనిఖీ. ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ అయిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 జూన్ నుంచి అమల్లోకి తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు లేదా ఉచిత సరుకు తీసుకుని చేసిన పోస్టు మీద అది ప్రకటన అన్న గుర్తు అందరికీ కనబడేలా ఉండాలి. 15 సెకన్ల లోపు వీడియోలో ఆ గుర్తు కనీసం 3 సెకన్లు, రెండు నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సేపు కనిపించాలి. హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో చివర దాచిపెడితే చాలదు. పచ్చడి డబ్బా ఉచితంగా తీసుకుని, మా అమ్మమ్మ పంపింది అని చెప్పబోయిన ఒక వీడియోను కుర్రాడు స్టాప్‌వాచ్ పెట్టి చూసి, గుర్తు లేదని వెనక్కి పంపాడు. ఆ పాటి కచ్చితత్వం మా సీనియర్లలోనూ తక్కువ మందికి ఉంటుంది.

వెబ్‌సైట్ లెక్కల్లో పడని ఆర్డర్ల గురించి కూడా ఒక ప్రయత్నం జరిగింది. ఫోన్ ఆర్డర్లు రాసుకునే మహిళలను, మా గురించి ఎక్కడ చూశారండీ అని ప్రతి కొనుగోలుదారునీ అడగమన్నాం. "ఫోన్లో చూశానండీ" అన్న జవాబే ఎక్కువగా వచ్చింది, దానితో ఏమీ తేలలేదు. అయితే ఆ కాల్స్ విని నోట్స్ రాసుకునే క్రమంలో మరో సంగతి బయటపడింది: పార్సిల్‌లో నూనె కారుతోందన్న ఫిర్యాదు పదే పదే వచ్చింది. క్లయింటు మూత కింద సీలు మార్చారు. జూలై ప్రకటనలో నూనె కారని ప్యాకింగ్ అని ధైర్యంగా రాయగలిగింది అందువల్లే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే ఆ వివరాలను ఇంటర్న్‌ల చేతికి ఇచ్చాం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా చాలా ఏజెన్సీల్లో పూర్తి జాబితాలు ఇంటర్న్‌ల సొంత ల్యాప్‌టాప్‌లలో తిరుగుతున్నాయి, అది ఆగాలి.

పని సంగతి అలా ఉంచితే, వాళ్ల రోజులు ఎలా గడిచాయన్నదీ ఈ కేసులో భాగమే. అమ్మాయి ఎస్ఆర్ నగర్ హాస్టల్‌లో, కుర్రాడు అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి మెట్రోలో మాదాపూర్ వచ్చేవారు. ఆఫీసులో అందరినీ పేరు పెట్టి పిలవాలని ఇండక్షన్‌లో చెబుతాం. రెండో వారానికి ఆమె నన్ను అక్కా అంది, కుర్రాడు చివరిదాకా మేడమ్ అనే అన్నాడు. రెండింటికీ అభ్యంతరం లేదు. స్టైపెండ్ విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. హాస్టల్, మెట్రో, మధ్యాహ్న భోజనం పోను ఏమీ మిగలకపోయినా ఫర్వాలేదు, చేతినుంచి పడకూడదు. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ హైదరాబాద్‌లో ఇల్లున్న పిల్లలకే మిగులుతుంది. తొక్కు అన్న మాట మా ఖాతాలోకి వచ్చింది వరంగల్ నుంచి ఒకమ్మాయి ఇక్కడ ఉండగలిగింది కాబట్టి. ఏజెన్సీ లెక్క ప్రకారం చూసినా ఆ ఖర్చు గిట్టుబాటే.

జూన్ చివర కాలేజీ రిపోర్ట్ దగ్గర చిక్కు వచ్చింది. గైడ్‌కు అంకెలు, గ్రాఫులు కావాలి. మాకు క్లయింటుతో గోప్యత ఒప్పందం ఉంది. చాలామంది విద్యార్థులు ఈ దశలో ఇంటర్నెట్‌లో దొరికిన కంపెనీ చరిత్ర, బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పుల పట్టిక (స్వాట్) అతికించి గట్టెక్కుతారు. మేము వేరే దారి తీశాం. మొదటి వారపు ఖర్చును 100గా తీసుకుని మిగిలిన వారాలన్నిటినీ దానితో పోల్చి చూపమన్నాం. అసలు రూపాయలు ఎక్కడా కనబడవు, మార్పు మాత్రం కనబడుతుంది. గుర్తులు వేసిన పద్ధతి, పసుపు వరుసల చర్చ, విఫలమైన సామగ్రి ప్రయోగం అన్నీ రిపోర్ట్‌లోకి వెళ్లాయి. వైవాలో ఎక్కువ ప్రశ్నలు ఆ విఫలమైన భాగం మీదే అడిగారని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

తర్వాతి సంవత్సరం ఎంపిక పద్ధతి మార్చాం. మీ బలాలేమిటి, ఐదేళ్లలో ఎక్కడుంటారు వంటి ప్రశ్నలు తీసేసి, తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనూ ఉన్న వంద వెతుకులాటల కాగితం ఒకటి చేతికిచ్చి మూడు కుప్పలుగా వేరుచేయమంటాం. గంట సమయం ఉంటుంది, ఫోన్ వాడుకోవచ్చు, పక్కవారిని అడగవచ్చు, ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడిగినా సరే. ఎన్ని సరిగ్గా వేశారన్నదానికి సగం మార్కులే. మిగతా సగం, ఏ వరుసలను తేల్చలేక పసుపు రంగులో వదిలారు, ఎందుకు వదిలారన్నదానికి.